మీటరు నుంచి చక్రం దాకా: గుంటూరు–విజయవాడ ఈవీ డైరీ

రోజూ గుంటూరు విద్యానగర్‌లోని ఇంటి నుంచి విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరున్న ఆఫీసుకు, సాయంత్రం మళ్లీ ఇంటికి. పోనూ రానూ 74 కిలోమీటర్లు, వారానికి ఆరు రోజులు. బండి 30.2 యూనిట్ల బ్యాటరీ ఉన్న చిన్న ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ. సర్టిఫికెట్‌లో రాసిన రేంజి 312 కిలోమీటర్లు. బ్యాటరీ రకం ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఇంటి కరెంటుతో గంటకు 3.3 యూనిట్లకు మించి తీసుకోదు.

అందరూ అడిగేది ఒకటే: "ఫుల్ ఛార్జింగ్‌కి ఎంత వస్తుంది?" నేను రాసుకున్న లెక్క వేరు. గోడ మీద మీటరులో 100 కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు తిరిగాయన్నదే ఈ డైరీ మొత్తం. బండి స్క్రీన్ చూపే యావరేజి బ్యాటరీ దగ్గర మొదలవుతుంది. డబ్బు మాత్రం మీటరు దగ్గర మొదలవుతుంది.

1వ దశ: ఉన్నదున్నట్టు కొలవడం (ఏప్రిల్, 1–2 వారాలు)

సామాను:

1. సింగిల్ ఫేజ్ సబ్ మీటరు. మెయిన్ మీటరు పక్కనే పెట్టించాను. కారు దగ్గర పెడితే మధ్యలో వైరు తినే కరెంటు లెక్కలోకి రాదు.
2. టైర్లకు డిజిటల్ గేజి.
3. దూరం నుంచే వేడి చూపే ఇన్‌ఫ్రారెడ్ గన్.
4. బ్యాటరీ సెల్ వోల్టేజీలు చదవడానికి ఓబీడీ డాంగిల్, అంటే బండి కంప్యూటరు లెక్కల్ని ఫోన్‌కు పంపే చిన్న పరికరం.
5. ఒక పాత అకౌంటు పుస్తకం. ఫోన్‌లో రాసుకుంటే రెండో వారానికి మానేస్తానని నాకు తెలుసు.

సామానుకు అయిన ఖర్చు 3,450 రూపాయలు.

రెండు వారాల్లో తిరిగింది 964 కిలోమీటర్లు. మీటరులో 162.0 యూనిట్లు, అంటే వందకు 16.8. బండి స్క్రీన్ మాత్రం వందకు 13.6 అంది. ఆ లెక్కన 131.1 యూనిట్లే కావాలి. మిగతా 30.9 యూనిట్లు ఎక్కడికి పోయాయి? నూటికి 19 వంతు. బండిలోనే ఉండే ఆన్‌బోర్డ్ ఛార్జర్ ఏసీ కరెంటుని డీసీగా మార్చేటప్పుడు పది, పన్నెండు శాతం వేడిగా పోవడం మామూలే. పంతొమ్మిది మామూలు కాదు.

ఇప్పటిదాకా: 964 కి.మీ. | 162.0 యూనిట్లు | ఖర్చు ₹3,450

2వ దశ: కరిగిన సాకెట్ (3–5 వారాలు)

మూడో వారం బుధవారం రాత్రి పార్కింగ్‌లోకి వెళితే బేకలైట్ కాలిన వాసన. 16 ఆంపియర్ల సాకెట్‌లో న్యూట్రల్ రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, అంచు లోపలికి కుంగిపోయింది. ప్లగ్ లాగితే రాలేదు. మెయిన్ ఆపి, చల్లారనిచ్చి, రెండు చేతులతో పీకితే పిన్నుకు కరిగిన ప్లాస్టిక్ అంటుకుని వచ్చింది. అప్పటికి బండి ఏడున్నర గంటలుగా ఛార్జింగ్‌లో ఉంది.

అంతకు ముందు వారమే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో ఆ సాకెట్‌ని చూశాను. 41 డిగ్రీలు. "సరే" అని పుస్తకంలో రాసుకున్నాను. చేసిన తప్పు ఏమిటంటే, చూసింది ఛార్జింగ్ పెట్టిన పావుగంటకే. తర్వాత ఇంకో గదిలోని అలాంటి సాకెట్‌కే పెట్టి, పక్కనే కూర్చుని కొలిస్తే ఇలా వచ్చింది: పావుగంటకు 42, అరగంటకు 48, రెండు గంటలకు 67. అక్కడితో ఆపేశాను. గాలి వేడి 33. ఎవరైనా చూసుకోవాలంటే రెండు గంటల తర్వాత చూడండి. అంతకు ముందు వచ్చిన అంకె ఎందుకూ పనికిరాదు.

మా ఇంటికి ఇరవయ్యేళ్లుగా పని చేస్తున్న ఎలక్ట్రీషియన్ బాబాయ్ వచ్చి బోర్డు విప్పి చూపించాడు. స్క్రూ కింద రాగి నల్లగా మాడి, వదులై ఊగుతోంది.

"ఇది గీజరుకు వేసిన పాయింటు అబ్బాయ్. గీజరు పావుగంట నడిచి ఆగిపోద్ది. నీ కారు రాత్రంతా లాగుద్ది. ఈ వైరేం చేస్తది, ఈ సాకెట్టేం చేస్తది?"

వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది, మీటరు నుంచి కారు దాకా 28 మీటర్లు. పోనూ రానూ 56 మీటర్ల రాగి. దాని రెసిస్టెన్స్ సుమారు 0.41 ఓమ్. 14 ఆంపియర్లు లాగితే వైరులోనే 80 వాట్లు వేడిగా పోతుంది. ఒక ట్యూబ్‌లైటు, ఒక చిన్న ఫ్యాను గోడ లోపల రాత్రంతా నడుస్తున్నట్టు.

మార్చినవి:

1. మీటరు నుంచి పార్కింగ్‌కు వేరే లైను: ఫేజు, న్యూట్రల్ 6 చదరపు మిల్లీమీటర్ల రాగి. మధ్యలో ఎక్కడా జాయింటు లేదు.
2. మామూలు సాకెట్ తీసేసి నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్. పిన్నులు లావుగా ఉంటాయి, పట్టు గట్టిగా ఉంటుంది, వాన నీరు పోకుండా మూత ఉంటుంది.
3. ఆ లైనుకు మాత్రమే ఒక ఎంసీబీ (లోడు మించితే ఆపేది), ఒక 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది).
4. కొత్త ఎర్త్ పిట్.

నాలుగోది మొదట జాబితాలో లేదు. కొత్త లైను వేశాక ఛార్జింగ్ కేబుల్ మీద ఎర్ర లైటు వెలిగి, అసలు మొదలే కాలేదు. మల్టీమీటరు పెడితే ఫేజు–న్యూట్రల్ 226 వోల్టులు, ఫేజు–ఎర్త్ 188, న్యూట్రల్–ఎర్త్ 38. ఎర్త్ సరిగా ఉంటే చివరిది రెండు మూడు వోల్టులు దాటకూడదు. మా పాత ఎర్త్ పిట్ ఇల్లు కట్టినప్పటిది. ఎండలకు మట్టి బీటలు వారిపోయింది. నాలుగు బకెట్ల నీళ్లు పోస్తే లైటు పచ్చగా మారింది. రెండు రోజుల తర్వాత మళ్లీ ఎర్రగా. నీళ్లు పోయడం, ఎండిపోవడం, ఇలా వారం గడిచింది. ఆ వారం అంతా బంధువుల ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకున్నాను. సబ్ మీటరు విప్పి వెంట తీసుకెళ్లాను, లెక్క తెగకుండా.

ఒక సామాన్ల షాపులో ఇచ్చిన సలహా ఇక్కడ రాసి తీరాలి. "న్యూట్రల్ వైరు ముక్కనే ఎర్త్ పిన్నుకు కలిపేయండి సార్, లైటు పోతుంది." లైటు పోతుంది, నిజమే. కానీ ఏదో ఒక రోజు వెనకాల న్యూట్రల్ తెగితే బండి బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. తడి చేత్తో డోరు పట్టుకునేది ఇంట్లో పిల్లలు. ఎవరు చెప్పినా, ఎంత అర్జెంటైనా ఆ పని చేయవద్దు.

కొత్త పిట్: ఎనిమిది అడుగుల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా. దానికి బాబాయ్ చేసిన చక్కటి ఏర్పాటు ఇంకొకటి ఉంది. పై గది ఏసీ నుంచి కారే నీటి పైపుని ఆ పిట్ దగ్గరికి తిప్పాడు. ఎండాకాలంలో మట్టి ఎండేది ఏసీ నడిచే రోజుల్లోనే, ఏసీ నీళ్లు కారేదీ అప్పుడే. న్యూట్రల్–ఎర్త్ ఇప్పుడు 1.8 వోల్టులు. మే నెలాఖరులో కూడా 2.3 దాటలేదు.

ఖర్చు: వైరు 7,000, సాకెట్, బాక్సు 1,100, ఎంసీబీ, ఆర్‌సీసీబీ 2,600, ఎర్త్ పిట్ 3,800, కూలి 3,000. మొత్తం 17,500.

ఫలితం: అయిదో వారంలో 478 కిలోమీటర్లకు 78.6 యూనిట్లు, వందకు 16.4. తేడా చాలా తక్కువ. లావు వైరు వల్ల వైరులో పోయే 80 వాట్లు సుమారు 34కి దిగాయి, అంటే ఛార్జింగ్‌లో ఒకటిన్నర శాతం. పొదుపు కోసమే వైరు మార్చాలనుకునేవారికి ఈ అంకె చాలు, అది మార్చే కారణం కాదు. మూడు గంటల తర్వాత సాకెట్ వేడి 41 డిగ్రీలు. మార్చాల్సిన కారణం అదీ. ఈ పదిహేడున్నర వేలు రెండో ఆలోచన లేకుండా పెట్టాల్సినవే.

ఇప్పటిదాకా: 2,052 కి.మీ. | 342.8 యూనిట్లు | ఖర్చు ₹20,950

3వ దశ: కనపడని యూనిట్లు (6–7 వారాలు)

వైరు మార్చినా మీటరుకు, స్క్రీన్‌కు మధ్య 18 శాతం తేడా ఉంది. ఈసారి వాడకం చూశాను.

పొద్దున 6:30కి ఫోన్‌లో యాప్ తెరిచి, ప్లగ్ పీకకుండానే బండి ఏసీ ఆన్ చేయడం నాకు అలవాటు. ఇరవై నిమిషాలు. ఒక రోజు ఆ ఇరవై నిమిషాలకు ముందూ తర్వాతా మీటరు చూస్తే 0.54 యూనిట్ తిరిగింది. వారానికి మూడు యూనిట్లకు పైనే. బండి స్క్రీన్ లెక్క మొదలయ్యేది బండి కదిలాక. ఇది ఎప్పటికీ అందులో కనపడదు.

పొద్దునపూట ఇరవై నిమిషాల చల్లదనం అక్కర్లేదు. అయిదు నిమిషాలకు తగ్గించాను, అదీ ఉక్కగా ఉన్న రోజున. దూర ప్రయాణం రోజు మాత్రం పూర్తిగా చేస్తాను, ఎందుకంటే అది గోడ కరెంటుతో అయిపోతుంది, బ్యాటరీ నుంచి పోదు.

రెండోది ఛార్జింగ్ పెట్టే టైము. సాయంత్రం 7కి ఇంటికి రాగానే ప్లగ్ పెట్టేవాడిని. ఆ వేళకు మా వీధిలో వోల్టేజి 201. హైవే మీద వచ్చిన బ్యాటరీ వేడి మీద ఉంటుంది, దాన్ని చల్లబరిచే పంపు, కంప్రెసర్ నడుస్తాయి. అర్ధరాత్రి 1 గంటకు వోల్టేజి 229. బ్యాటరీ కూడా చల్లారి ఉంటుంది. 14 ఆంపియర్లే అయినా గంటకు 2.8 బదులు 3.2 యూనిట్లు ఎక్కుతాయి. ఛార్జింగ్ త్వరగా అయిపోతుంది కాబట్టి, ఛార్జింగ్ సాగినంతసేపూ బండి తన కంప్యూటర్లకు వాడుకునే కరెంటు కూడా ఆ మేరకు తగ్గుతుంది.

బండిలో ఉన్న టైమరుతో రాత్రి 1 నుంచి 5:30 దాకా పెట్టాను. మూడో రాత్రి 2 గంటలకు కరెంటు పోయి, అరగంటకు వచ్చింది. ఛార్జింగ్ మాత్రం తిరిగి మొదలవలేదు. పొద్దున చూస్తే 38 శాతం. ఆ రోజుకు సరిపోయింది కానీ, ఆఫీసు నుంచి తిరిగి వచ్చేదాకా టెన్షన్. ఆ రోజు నుంచి ఒక నియమం: రాత్రి పడుకునేటప్పుడు 45 శాతం కంటే తక్కువ ఉంటే టైమరు లేకుండా 10 గంటలకే పెట్టేయడం.

ఏడో వారం: 480 కిలోమీటర్లు, 72.6 యూనిట్లు, వందకు 15.1. స్క్రీన్ లెక్క 13.3. తేడా 12 శాతానికి దిగింది. ఇక మిగిలింది ఛార్జర్ సహజంగా తినేది, దాన్ని వదిలేశాను.

ఇప్పటిదాకా: 3,003 కి.మీ. | 490.3 యూనిట్లు | ఖర్చు ₹20,950

4వ దశ: టైర్లు, వేగం, ఏసీ (8–11 వారాలు)

డోరు దగ్గర స్టిక్కర్ మీద టైరు గాలి 33 అని ఉంది. పొద్దున చల్లటి టైర్లకు గేజి పెడితే 27, 26, 29, 25. పది రోజుల కిందటే బంకులో 33 పెట్టించాను. రెండు తప్పులు కలిశాయి. మధ్యాహ్నం రోడ్డు మీద 12 కిలోమీటర్లు నడిచిన టైరులో గాలి వేడెక్కి మూడు నాలుగు ఎక్కువ చూపిస్తుంది. పైగా ఆ బంకు గేజి, నా గేజి మధ్య రెండు తేడా. ఇప్పుడు ఆదివారం పొద్దున, బండి కదలక ముందు చూస్తాను. తక్కువ ఉంటే ఇంట్లోనే చిన్న పంపుతో కొడతాను. పంపు ఇంట్లో ఉన్నదే. దీని వల్ల స్క్రీన్ లెక్క 13.3 నుంచి 12.7కి వచ్చింది. పైసా ఖర్చు లేకుండా వచ్చిన లాభాల్లో ఇదే పెద్దది.

వేగం పరీక్ష మొదటిసారి పూర్తిగా తప్పు చేశాను. ఆదివారం చిలకలూరిపేట వైపు పోతూ 60లో, తిరిగి వస్తూ 80లో నడిపాను. వందకు 11.9, 12.3 వచ్చాయి. "వేగంతో పెద్ద తేడా లేదు" అని పుస్తకంలో రాసి, ఆఫీసులో ఇద్దరికి చెప్పాను కూడా. వాళ్లలో ఒకతను అడిగాడు: "పొద్దున ఏ వైపు గాలి?" మే నెలాఖరు, పడమటి గాలి. పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వెనక నుంచి. నేను కొలిచింది గాలిని.

సరిగా చేసిన పద్ధతి:

1. ఊరి బయట నుంచి చిలకలూరిపేట ముందు దాకా హైవే మీద 31 కిలోమీటర్ల ముక్క. ప్రతి వేగానికీ పోనూ రానూ, 62 కిలోమీటర్లు.
2. పొద్దున 5 గంటలకు మొదలు. రెండు ఆదివారాలు, రోజుకు రెండు వేగాలు.
3. వేగం ఫోన్ జీపీఎస్‌లో చూడాలి. మా స్పీడోమీటరు 80 అన్నప్పుడు అసలు వేగం 76.
4. టైర్లు 33, ఏసీ 25 మీద, బండిలో నేనొక్కడినే.

ఫలితం, వంద కిలోమీటర్లకు బ్యాటరీ నుంచి పోయిన యూనిట్లు. పక్కన 90 శాతం బ్యాటరీతో, అంటే సుమారు 27 యూనిట్లతో ఎంత దూరం పోతుందో రాశాను:

60 వేగం: 10.1 – 267 కి.మీ.
70 వేగం: 11.6 – 233 కి.మీ.
80 వేగం: 13.5 – 200 కి.మీ.
90 వేగం: 15.9 – 170 కి.మీ.

గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే అడ్డు నాలుగింతలు. టైర్ల రాపిడి, ఏసీ మాత్రం అలా పెరగవు కాబట్టి మొత్తం లెక్క అంత ఘోరంగా లేదు. అయినా 60కీ 90కీ మధ్య దాదాపు వంద కిలోమీటర్ల దూరం పోయింది. "మీ బండి రేంజి ఎంత?" అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను ముందు వేగం అడుగుతున్నాను.

మా దారిలో సాఫీగా పోయే హైవే 24 కిలోమీటర్లే. 80లో 18 నిమిషాలు, 70లో 20 నిమిషాల 34 సెకన్లు. రెండున్నర నిమిషాలు. ఆ పైన వారధి మీద ట్రాఫిక్‌లో అందరం కలిసే నిలబడతాం. 70కి మారిపోయాను.

ఏసీ సంగతి. రోహిణి కార్తెలో ఆఫీసు బయట ఎండలో ఉన్న బండిలో 56 డిగ్రీలు. ఏసీ వేయగానే మొదటి ఎనిమిది నిమిషాలు 2.3 కిలోవాట్లు లాగింది, తర్వాత 0.9 దగ్గర నిలబడింది. అద్దానికి అడ్డు పెట్టే షేడ్ కొన్నాను, 350 రూపాయలు. వేపచెట్టు కింద చోటు దొరకాలంటే 8:20 లోపు చేరాలి. బయల్దేరే ముందు రెండు నిమిషాలు అద్దాలు దించి వేడి గాలి బయటకు పోనిస్తాను. ఇవన్నీ కలిపి సాయంత్రానికి 0.1 యూనిట్ మిగులు. రేంజికి ఒక కిలోమీటరు కూడా కాదు. ఒంటికి మాత్రం చాలా తేడా, అందుకే కొనసాగిస్తున్నాను.

ట్రాఫిక్ జామ్ భయం ఉన్నవారికి పనికొచ్చే అంకె కూడా ఇదే. బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీ వేసుకుని గంట ఇరుక్కుంటే పోయేది ఒక యూనిట్. ఏడెనిమిది కిలోమీటర్ల దూరం, అంతే.

పదకొండో వారం, టెస్టులు ఏవీ లేకుండా: 476 కిలోమీటర్లు, 65.2 యూనిట్లు, వందకు 13.7. మొదలుపెట్టినప్పుడు 16.8.

కరెంటు బిల్లులో దీని విలువ అనుకున్న దానికంటే ఎక్కువ. మా ఇంటి వాడకం నెలకు 210 యూనిట్లు. ఆంధ్ర శ్లాబుల్లో 226 నుంచి 400 దాకా యూనిట్ 8.75, 400 దాటితే 9.75. కారు వాడే కరెంటంతా దాదాపు ఈ రెండు శ్లాబుల్లోనే పడుతుంది. కారు నెలకు 345 యూనిట్ల నుంచి 284కి దిగింది. ఆ 61 యూనిట్లూ పై అంచు నుంచి తగ్గినవే కాబట్టి ఒక్కోటి 9.75. నెలకు 595 రూపాయలు, సర్దుబాటు ఛార్జీలు కాకుండా. ఈవీ ఛార్జింగ్‌కు శ్లాబులు లేని వేరే కేటగిరీ ఉంది. వేరే మీటరు కోసం దరఖాస్తు పెట్టాను, ఇది రాసేటప్పటికి రాలేదు.

ఇప్పటిదాకా: 5,321 కి.మీ. | 821.2 యూనిట్లు | ఖర్చు ₹21,300

5వ దశ: 30–70 అలవాటు తెచ్చిన చిక్కు (12–14 వారాలు)

నాలుగో వారం నుంచి బ్యాటరీని 30కీ 70కీ మధ్యే ఉంచుతూ వచ్చాను. ఫోన్ బ్యాటరీ గురించి అందరం వినే మాట అది. దాదాపు రెండు నెలలు ఒక్కసారి కూడా 100 చేయలేదు. వేగం టెస్టుల రోజున కూడా 85 దగ్గర ఆపాను.

జూన్ చివరి వారం. ఆఫీసు నుంచి గన్నవరం వైపు అదనపు పని పడి, తిరిగి వస్తున్నాను. కాజ టోల్‌గేటు దగ్గర 23 శాతం. నంబూరు దగ్గర 21. పెదకాకాని చేరేసరికి 13. అక్కడి నుంచి రెండు కిలోమీటర్లకు 9, తాబేలు గుర్తు వెలిగి, యాక్సిలరేటర్ తొక్కినా బండి 40 దాటలేదు. ఏసీ ఆపి, ఎడమ అంచున, హజార్డ్ లైట్లు వేసుకుని ఇంటికి చేరాను. గేటు దగ్గర 5. పక్కన కూర్చున్న మా ఆవిడ ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఎల్ఎఫ్‌పీ సెల్ వోల్టేజి మధ్యలో దాదాపు కదలదు. 3.3 వోల్టుల దగ్గరే చాలా దూరం నడుస్తుంది. బండికి "ఎంత మిగిలింది" అని వోల్టేజి చూసి చెప్పే వీలుండదు, లోపలికి వచ్చిన, బయటకు పోయిన కరెంటుని కూడుకుంటూ పోతుంది. ఆ కూడికలో చిన్న చిన్న తప్పులు రోజూ చేరతాయి. సరిచేసుకునే చోటు చివర్లలోనే, ముఖ్యంగా నిండినప్పుడు. నేను రెండు నెలలు దాన్ని ఆ చివరికి పోనివ్వలేదు.

డాంగిల్ పెట్టి చూస్తే 60 శాతం దగ్గర అన్నిటికంటే ఎక్కువున్న సెల్‌కు, తక్కువున్న సెల్‌కు తేడా 0.012 వోల్టు. బాగానే ఉన్నట్టు కనపడుతుంది. అదే 99 దగ్గర 0.14. ఒక సెల్ ముందే నిండిపోతోంది, మిగతావి వెనకబడి ఉన్నాయి. సమం చేసే పని బండి నిండిన తర్వాతే చేస్తుంది.

చేసింది:

1. ఇంటి ఛార్జింగ్‌తోనే, ఫాస్ట్ ఛార్జింగ్ కాకుండా, 100 దాకా.
2. 100 అనగానే ప్లగ్ పీకకుండా, దానంతట అది ఆగేదాకా వదలడం. మొదటిసారి 100 చూపించాక ఇంకా గంటా నలభై నిమిషాలు కొద్దికొద్దిగా లాగుతూనే ఉంది.
3. ఇలా వారంలో మూడుసార్లు.

మూడోసారికి 99 దగ్గర తేడా 0.03. ఇప్పుడు ఆదివారం రాత్రి ఒకసారి ఫుల్, సోమవారం పొద్దున బయల్దేరే వేళకు అయ్యేలా. నిండిన బ్యాటరీని ఎండలో రోజుల తరబడి ఉంచడం కూడా మంచిది కాదు. మిగతా రోజుల్లో 80. మీ బండిలో ఎన్ఎంసీ (నికెల్ మాంగనీస్ కోబాల్ట్) బ్యాటరీ ఉంటే ఈ వారం వారం ఫుల్ మీకు కాదు. మాన్యువల్‌లో రకం చూసుకోండి. ఒకరి అలవాటు ఇంకొకరికి నప్పదు. ఈ డైరీ మొత్తంలో నేను ఎక్కువ రోజులు పోగొట్టుకున్నది దీని మీదే.

ఇప్పటిదాకా: 6,757 కి.మీ. | 1,018.7 యూనిట్లు | ఖర్చు ₹21,300

6వ దశ: హైదరాబాద్ (జూలై)

ఎల్బీ నగర్‌లో మా అక్కయ్య ఇంటికి. ప్లాను: గుంటూరులో 100తో బయల్దేరి, సూర్యాపేటలో ఒక్కసారి ఛార్జింగ్. 80 వేగంతో వందకు 13.5 చొప్పున లెక్క వేస్తే సూర్యాపేటకు 23 శాతం మిగలాలి. మిగిలింది 17. వందకు 14.6 పడింది.

రెండు కారణాలు. జూలైలో పడమటి గాలి మళ్లీ ఎదురు. ఇంకోటి నేను అసలు లెక్కలోకి తీసుకోలేదు. విజయవాడ సముద్ర మట్టానికి ఇరవై మీటర్ల ఎత్తున ఉంటే హైదరాబాద్ అయిదొందల పైన ఉంటుంది. రోడ్డు మీద ఎక్కడా ఎత్తుగా అనిపించదు. కానీ మనుషులతో కలిపి 1,550 కిలోల బండిని 480 మీటర్లు పైకి తీసుకుపోవడానికే రెండు యూనిట్లు కావాలి. అది ఎవరూ తప్పించలేరు.

సూర్యాపేటలో యాప్ "అందుబాటులో ఉంది" అన్న ఛార్జర్ స్క్రీన్ వెలుగుతోంది, ఛార్జింగ్ గన్ పెడితే బండితో కలవలేదు. నాలుగుసార్లు పెట్టి తీశాం. కస్టమర్ కేర్ ఫోన్ ఎత్తారు, దూరం నుంచి రీస్టార్ట్ చేశారు, ఫలితం లేదు. పక్కన టిఫిన్ హోటల్ ఆయన్ని అడిగితే బయట ప్లగ్ చూపించాడు. ఎర్ర లైటు. ఎర్త్ లేదు. వంటింటి పక్కన గ్రైండరు ప్లగ్ దగ్గర పచ్చ లైటు వచ్చింది. అక్కడ రెండు గంటల పది నిమిషాలు. సుమారు 6.3 యూనిట్లు. "ఎంతివ్వాలి అన్నా?" అంటే, "మీకు తోచింది ఇవ్వండి" అన్నాడు. వంద ఇచ్చాను, రెండు దోశలు వేరే. సాకెట్ వేడి అరగంటకోసారి చూస్తూనే ఉన్నాను, 52 దాటలేదు.

అక్కడి నుంచి 60 వేగంతో నార్కట్‌పల్లి, 15 శాతంతో చేరాం. ఆ ఛార్జర్ పని చేసింది. 15 నుంచి 80కి 49 నిమిషాలు. తిరిగి వచ్చేటప్పుడు కావాలని 80 నుంచి 95 దాకా పెట్టి చూశాను, ఆ పదిహేనుకే 34 నిమిషాలు. 80 దాటాక దారిలో కూర్చోవడం దండగ.

తిరుగు ప్రయాణం వందకు 12.4. పోయేటప్పుడు మొత్తం మీద 14.4. అదే రోడ్డు, దాదాపు అదే వేగం, గాలి వెనక, పల్లం వైపు.

మార్చుకున్న ప్లాను:

1. హైదరాబాద్ వైపు పోయేటప్పుడు వందకు 15 లెక్క, వచ్చేటప్పుడు 13.
2. మొదటి ఆగుడు సూర్యాపేట కాదు, కోదాడ. అక్కడికి 37 శాతం మిగిలింది. అది పని చేయకపోతే ఇంకోచోటికి పోయే శక్తి బండిలో ఉంటుంది.
3. ఎంచుకునే చోట కనీసం రెండు గన్నులుండాలి, దగ్గర్లో వేరే ఛార్జర్ ఒకటి ఉండాలి.
4. ఇంటి ఛార్జింగ్ కేబుల్ డిక్కీలో ఎప్పుడూ. ఈసారి గట్టెక్కించింది అదే.

పబ్లిక్ ఛార్జర్లలో 55.4 యూనిట్లు, జీఎస్టీతో కలిపి యూనిట్ 21 చొప్పున 1,163 రూపాయలు. హోటల్‌లో 6.3. ఇంటి వాటా 25.7. మొత్తం 610 కిలోమీటర్లకు 87.4 యూనిట్లు, వందకు 14.3.

ఇప్పటిదాకా: 7,367 కి.మీ. | 1,106.1 యూనిట్లు | ఖర్చు ₹21,300, ట్రిప్పు ఛార్జింగ్ కాకుండా

మిగిలిన పనులు

వేరే మీటరు రావాలి. వచ్చాక సబ్ మీటరుని దాని పక్కకు మార్చాలి.

వానల్లో తడి రోడ్డు మీద ఎంత ఎక్కువ పడుతుందో ఇంకా కొలవలేదు. గట్టిగా వాన పడిన రెండు రోజులూ ట్రాఫిక్ వేరుగా ఉంది, ఆ అంకెలు పోల్చడానికి పనికిరావు, కొట్టేశాను.

ఆరు నెలలకోసారి మెయిన్ ఆపించి సాకెట్ లోపలి స్క్రూలు బిగించాలని బాబాయ్ చెప్పాడు. వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే రాగి వదులవుతుందట. అక్టోబరు మొదటి ఆదివారం వస్తానన్నాడు. ఆ రోజు బిగించక ముందూ తర్వాతా, రెండు గంటల ఛార్జింగ్ అయ్యాక సాకెట్ వేడి ఎంతో చూసి పుస్తకంలో పక్కపక్కనే రాస్తాను.